బానిస నేర్పిన విద్య – చక్రవర్తి చేసిన సాధన

ఆంగ్లభాషలో 'స్టోయిక్' అను మాట యొకటి కలదు. సుఖదుఃఖములకు చలింపక రాయివలె నుండు మనుష్యుని ఆ భాషవారు ఆ పేరుతో పిలుతురు. కంట తడిపెట్టనివాడు, నోరారా నవ్వనివాడు, ఇల్లు కాలిపోవుచున్నను నింపాదిగా కూర్చుండువాడు – ఆ మాట వినగానే సామాన్యముగా మనస్సునకు తోచు రూపమిదియే. కాని ఆ మాటకు మూలమైన దర్శనము అట్టిది కాదు. దానిని బోధించినవారిలో మేటి యొక బానిస. ఆచరించినవారిలో మేటి యొక చక్రవర్తి. ఇటీవలి సంవత్సరములలో వ్యాపారసంస్థల అధిపతులు, క్రీడాకారులు, సైనికులు, విద్యార్థులు ఎందరో ఈ దర్శనమును మరల చదువుచున్నారు. నాయకత్వము వహించువారికి ఇది దివ్యౌషధమని చెప్పువారును కలరు. ఔషధమెంత మంచిదైనను, ఎవరు ఎందులకు సేవింపవలెనో తెలియనిచో మేలునకు మారుగా కీడు కలుగవచ్చును. కావున ఈ విద్య పుట్టుకను, చరిత్రలో దానికి జరిగిన పరీక్షలను పాఠకుల ముందుంచి, అది నేటివారికి ఎంతవరకు పనికివచ్చునో విచారింప దలచితిమి.

క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున జీనో అనువాడు ఏథెన్సు నగరమున ఈ దర్శనమును ఆరంభించెను. అతని జన్మస్థానము సైప్రసు ద్వీపమందలి కిటియము. అతడు వర్తకుడనియు, సముద్రమున ఓడ మునిగి సరకంతయు పోగా ఏథెన్సు చేరి తత్త్వవిచారమునకు దిగెననియు ప్రాచీనులొక కథ చెప్పుదురు. ఇతర గురువులవలె తోటలలో గాక, అతడు నగరమధ్యమున జనులు సంచరించు అంగడివీథి ప్రక్కనున్న చిత్రశోభితమైన యొక వసారాలో పాఠము చెప్పెడివాడు. గ్రీకుభాషలో వసారాను 'స్టోవా' అందురు. దానినుండియే ఆ శిష్యులకు స్టోయికులని పేరు వచ్చినది. ఈ పేరు ఒక విషయమును సూచించుచున్నది. ఇది అడవికి పోయి చేయవలసిన తపస్సు కాదు. బేరసారములు, వాదవివాదములు, రాజకీయములు సాగు వీథిప్రక్కన పుట్టిన విద్య.

ఈ విద్యను స్పష్టమైన మాటలలో లోకమునకు అందించినవాడు ఎపిక్టెటస్. అతడు క్రీస్తుశకము 50 ప్రాంతమున, నేటి టర్కీ దేశమందలి హీరాపొలిస్ అను పట్టణమున బానిసగా పుట్టెను. ఎపిక్టెటస్ అను పేరునకు 'సంపాదింపబడినవాడు' అని అర్థము. అనగా అది మనిషికి పెట్టిన పేరువలె గాక, కొన్న వస్తువునకు వ్రాసిన చీటివలె నున్నది. అతని యజమాని ఎపఫ్రొడిటస్ నీరో చక్రవర్తి కొలువున కార్యదర్శి. ఆ యజమానియు ఒకప్పుడు బానిసయే. ఎపిక్టెటసునకు ఒక కాలు అవిటి. బానిసగా నుండగనే అతడు మ్యూసోనియస్ రూఫస్ అను గురువు నొద్ద చదువుకొనెను. పిమ్మట విముక్తుడై రోమునగరమున బోధ సాగించెను. ఒకటవ శతాబ్ది చివర డొమిషియన్ చక్రవర్తి తత్త్వవేత్తలను రోమునుండి వెడలగొట్టగా, అతడు గ్రీసుదేశపు పడమటి తీరమందలి నికోపొలిస్ చేరి అచ్చటనే జీవితాంతము పాఠశాల నడపెను.

ఎపిక్టెటస్ స్వయముగా ఒక్క గ్రంథమును వ్రాయలేదు. అతని పాఠములను శిష్యుడొకడు విన్నది విన్నట్లు వ్రాసికొని నిలిపెను. ఆ శిష్యుని పేరు ఆరియన్. ఈ పేరు భారతచరిత్ర చదివినవారికి క్రొత్త కాదు. అలెగ్జాండరు దండయాత్రలను, పురుషోత్తమునితో జరిగిన యుద్ధమును, మన దేశపు నదులను, జనులను గూర్చి గ్రంథములు వ్రాసిన ఆరియన్ ఇతడే. పురుషోత్తముని పరాక్రమమును మన పాఠ్యపుస్తకములు వర్ణించునపుడు ఆధారపడు కలమును, ఒక అవిటి బానిస మాటలను భద్రపరచిన కలమును ఒక్కటే యనుట ఎంత చిత్రము! ఆరియన్ వట్టి లేఖకుడును గాడు. అతడు పిమ్మట కన్సలు పదవి నొంది, కప్పడోషియా రాష్ట్రమునకు పాలకుడై సైన్యమును నడపినవాడు. ఎపిక్టెటస్ పాఠశాలలో తయారైనవారు ముక్కుమూసికొని కూర్చుండు విరాగులు గారని చెప్పుటకు ఈ ఒక్క నిదర్శనము చాలును.

ఇంతకును ఆ పాఠశాలలో నేర్పిన దేమి? పొలము రెండు చేలుగా నున్నపుడు నడుమ గట్టు వేయుదుము గదా. అట్లే జీవితమును గూడ రెండు చేలుగా విడదీసి నడుమ గట్టు వేయుమని ఎపిక్టెటస్ చెప్పెను. మన తలంపు, మన కోరిక, మన వెగటు, మన ప్రయత్నము గట్టున కీవల నున్న మన చేను. శరీరారోగ్యము, ధనము, కీర్తి, పదవి, పరుల అభిప్రాయము గట్టున కావల నున్నవి. ఆవలి చేని పంటకై ఏడ్చువాడు ఈవలి చేనిని బీడు పెట్టుకొనును. జరిగిన సంగతికంటె, ఆ సంగతిని గూర్చి మనము చేసికొన్న తీర్పే మనలను ఎక్కువగా కలవరపరచునని అతని సిద్ధాంతము. అతని ఇంటనున్న ఇనుప దీపమును దొంగ యెత్తుకొని పోయెనట. మరునాడు మట్టిదీపము తెచ్చుకొందునని అతడు ఊరకుండెను. దీపము పోగొట్టుకొన్నవాని నష్టము స్వల్పము. దానికై దొంగయైనవాని నష్టమే గొప్పదని అతని లెక్క.

ఈ మాటలు వినగానే మన పాఠకులకు స్థితప్రజ్ఞుని లక్షణము, నిష్కామకర్మ స్ఫురించుట సహజము. పోలిక కలదు. ఫలమునందు గాక కర్మమునందు అధికారమను భావము ఉభయత్ర గోచరించును. అయినను రెండును ఒక్కటియే యని తొందరపడరాదు. స్టోయికులకు మోక్షవిచారము లేదు. జన్మాంతర ప్రసక్తి లేదు. విశ్వమంతటను వ్యాపించిన యొక వివేకము కలదనియు, ఆ వివేకపు తునుక ప్రతి మానవునియందు కలదనియు, కావున మనుష్యులందరును ఒక్క మహానగరపు పౌరులనియు వారి విశ్వాసము. ఆ విశ్వాసమునుండియే రెండవ బోధ పుట్టినది. లోకము నాటకశాల; పాత్రను ఎన్నుకొనుట మన వశము గాదు, దానిని చక్కగా నిర్వహించుట మన వశము. తండ్రి పాత్ర, కొడుకు పాత్ర, అధికారి పాత్ర, పౌరుని పాత్ర – ప్రతిదానికిని విధి కలదు. ఆ విధి గట్టున కీవలిదే. ఈ రెండవ బోధను మరచి మొదటిదానినే పట్టుకొన్నవారు స్టోయికులను రాతిబొమ్మలుగా పొరబడుచున్నారు.

బానిస మాటలు చక్రవర్తి చెవికి చేరిన తీరు మరియొక ముచ్చట. మార్కస్ అరీలియస్ క్రీస్తుశకము 121 ఏప్రిలు 26న రోమునగరమున పుట్టెను. చిన్ననాటనే తండ్రి గతించెను. 138లో ఆంటోనైనస్ పయస్ అతనిని దత్తత చేసికొనెను. యౌవనమున జూనియస్ రుస్టికస్ అను గురువు తన ఇంటనున్న ఎపిక్టెటస్ పాఠముల ప్రతిని మార్కసునకు చదువ నిచ్చెను. ఆ ఉపకారమును మార్కస్ చివరివరకు మరువక తన గ్రంథమున స్మరించెను. లోకమున అందరికంటె అధికుడు కాబోవువానికి, అందరికంటె అధముడుగా ఎంచబడినవాని మాట గురువాక్య మయ్యెను. పుట్టుక గట్టున కావలిదని చెప్పిన ఆ సిద్ధాంతమునకు ఇంతకంటె గొప్ప ఋజువు వేరొకటి కావలెనా?

బాల్యమున మార్కస్ గురువొకడు మరణింపగా ఆ బాలుడు విలపించెననియు, రాజగృహ సేవకులు అది తగదని వారింప బోగా పెంపుడుతండ్రి యడ్డుపడి, వానిని మనిషిగా ఉండనిండని చెప్పి, తత్త్వజ్ఞానముగాని రాజ్యాధికారముగాని మమతను తుడిచివేయవని భావమిచ్చు మాట పలికెననియు ప్రాచీన చరిత్రకారుడు వ్రాసెను. రాతిగుండె గలవాడే స్టోయికుడను అపోహకు ఈ వృత్తాంతమే ప్రత్యుత్తరము.

మార్కస్ 161లో సింహాసన మెక్కెను. ఎక్కినవెంటనే అతడు చేసిన పని విచిత్రమైనది. పెంపుడు సోదరుడగు లూషియస్ వీరసును తనతో సమానుడగు చక్రవర్తిగా చేసికొనెను. రోమకచరిత్రలో ఇద్దరు సమానాధికారముతో చక్రవర్తులగుట అదియే ప్రథమము. పిమ్మట కష్టములు వరుసకట్టినవి. టైబరునది పొంగి రాజధానిని ముంచెను, కరవు వచ్చెను. తూర్పున పార్థియనులతో యుద్ధము 166 వరకు సాగెను. ఆ యుద్ధమున జయించి మరలివచ్చిన సైనికులు తమతో ఘోరమైన మహమ్మారిని తెచ్చిరి. గేలెన్ అను ప్రసిద్ధవైద్యుడు వ్రాసిన లక్షణములనుబట్టి అది మశూచికమై యుండునని నేటి పండితులలో పెక్కుమంది భావించుచున్నారు. అంతలో ఉత్తరమున డాన్యూబు నది దాటి మార్కొమన్నులు, క్వాడులు మొదలగు జాతులు విరుచుకొని పడెను. 169లో వీరస్ మరణించెను. పుస్తకములే ప్రియమైన మార్కసునకు పాలనాకాలపు ఉత్తరార్ధమున ఎక్కువభాగము సరిహద్దు శిబిరములలోనే గడచినది.

ఆ కాలమున మన దేశమున శాతవాహనులు రాజ్యమేలుచుండిరి. రోమకుల సువర్ణనాణెములు ఆంధ్రదేశమున పలుచోట్ల త్రవ్వకములలో దొరకినవి. మన రేవులకును వారి రేవులకును నడుమ ఓడలు తిరిగిన కాలమది. కావున మార్కస్ కథ మనకు బొత్తిగా సంబంధము లేని దూరపు కథ కాదు.

ఆపదలలో అతడు నడచుకొన్న తీరు చూడుడు. మహమ్మారిలో చనిపోయిన బీదల అంత్యక్రియలకు ప్రభుత్వధనము నిచ్చెను. యుద్ధమునకు బొక్కసము చాలకున్నపుడు, రాష్ట్రములపై అదనపు పన్ను వేయుటకు ఇష్టపడక, తన నగరునందలి బంగారు పాత్రలను, స్ఫటిక పాత్రలను, శిల్పములను, తుదకు రాణి పట్టుబట్టలను సైతము ట్రేజను పేర వెలసిన చౌకమున వేలము వేయించెను. ఆ వేలము రెండు నెలలు సాగినదట. వ్యాజ్యములు ఆలస్యము గాకుండునట్లు సంవత్సరమునకు 230 దినములు న్యాయస్థానములు పనిచేయవలెనని నిర్ణయించెను. త్రాటిపై నడచు ఆటగాండ్రలో పిల్లలు క్రిందపడిన సంగతి తెలిసి, ఇక త్రాటిక్రింద పరుపులు పరవనిదే ఆట జరుగరాదని శాసించెను. సామ్రాజ్యము నలుదిక్కుల మండుచుండగా త్రాటిక్రింది పరుపును గూర్చి తలంచుటకు వానికి తీరిక చిక్కినది! మా దృష్టిలో అతని విజయస్తంభముకంటె ఈ పరుపే గొప్ప స్మారకచిహ్నము.

169లోనే ఏడేండ్ల కుమారుడు చెవిక్రింది వ్రణమునకు శస్త్రచికిత్స జరుగగా మరణించెను. మార్కస్ ఐదు దినములు దుఃఖించి, మరల రాజకార్యములకు మరలెను. ఆ దినములలో అతడు వైద్యులను గూడ ఓదార్చెనని చరిత్రకారుడు చెప్పుచున్నాడు. అధికారము గలవాని బిడ్డ చేతిలో పోయినపుడు ఆ వైద్యుల గుండెలెట్లు కొట్టుకొని యుండునో ఊహింపవచ్చును. దుఃఖము వారిపై క్రోధముగా మారకుండ ఆపుట గట్టున కీవలి పని. మార్కస్ ఆ పని చేసెను.

ఇట్టి నిగ్రహము ఎట్లు వచ్చినది? అతని గ్రంథమే దానికి సమాధానము. డాన్యూబు తీరపు శిబిరములలో, గ్రీకుభాషలో తనకు తాను వ్రాసికొన్న మాటలు పండ్రెండు భాగములుగా మనకు దక్కినవి. ఒక భాగమున క్వాడుల సీమయని, మరియొకట కార్నుంటమను దుర్గమని స్థలనిర్దేశము కలదు. ఆ గ్రంథము 1559లో జూరిక్ నగరమున తొలిసారి అచ్చుపడినది. అది లోకమునకు చేసిన ఉపదేశము గాదు. 'నీవు' అని అతడు సంబోధించినది తన్నే. ప్రొద్దున లేవగానే, ఈ దినమున కృతఘ్నులును, గర్వులును, పరుల పనులలో తలదూర్చువారును ఎదురగుదురని ముందే తలంచుకొని, వారును తన బంధువులే యనియు, రెండు చేతులవలె కలసి పనిచేయుటకే పుట్టితిమనియు గుర్తుచేసికొనెడివాడు. రాజవస్త్రపు ఊదారంగు తన మనస్సునకు అంటకుండ చూచుకొమ్మని తన్ను తాను హెచ్చరించుకొనెడివాడు. ఎవడైన తన తప్పు చూపినచో సంతోషముతో అభిప్రాయము మార్చుకొనవలెనని వ్రాసికొనెను. ఒక్కమారు నేర్చి మరచిపోవుటకు ఇది లెక్కలపాఠము గాదు. సంగీతవిద్వాంసుని ప్రాతఃకాల సాధన వంటిది.

ఆ సాధనకు పరీక్ష 175లో వచ్చెను. మార్కస్ మరణించెనను వదంతి నమ్మి, సిరియా పాలకుడగు అవిడియస్ కాసియస్ తానే చక్రవర్తినని ప్రకటించుకొనెను. పార్థియను యుద్ధమున రోమునకు జయము తెచ్చిన సేనాని ఇతడే. మూడు మాసములు గడచులోపల కొంచెమటునిటుగా అతని సైనికులే అతనిని చంపి శిరస్సును చక్రవర్తి నొద్దకు తెచ్చిరి. మార్కస్ దానిని చూచుటకు నిరాకరించి, ఖననము చేయు డనెను. తిరుగుబాటుతో చేయికలిపిన నగరములను, కాసియస్ కుటుంబమును క్షమించెను. కుట్రదారుల ఉత్తరములు చదువబడకుండ దహింపబడినవని ప్రాచీనులు వ్రాసిరి. ఉత్తరములు చదివినచో ద్వేషింపవలసినవారి పట్టిక పెరుగును. తెలిసికొనకుండుట గూడ ఒక్కొక్కప్పుడు పాలకునికి సంయమమే.

ఇంతవరకు చెప్పి ముగించినచో అది చరిత్ర గాక స్తోత్రమగును. మార్కస్ పాలనలో నల్లని పుటలును కలవు. బానిస శిష్యుడైన ఈ చక్రవర్తి బానిసత్వమును తొలగింపలేదు. 177లో గాల్ దేశమందలి లియాన్ నగరమున క్రైస్తవులు క్రూరహింసల పాలై చంపబడిరి. ఆ సంవత్సరమే అతడు తన కుమారుడగు కామొడసును సహచక్రవర్తిగా చేసెను. అంతకు ముందు నలుగురు చక్రవర్తులు తమ అనంతరము పాలింపదగినవానిని దత్తత చేసికొనిరి. వారికి బ్రతికియున్న కుమారులు లేరనుట నిజమే. మార్కసునకు మాత్రము ఎందరో బిడ్డలు పోగా మిగిలిన కుమారుడొకడుండెను. 180 మార్చి 17న శిబిరమున మార్కస్ మరణించిన పిదప ఆ కుమారుడు రాజ్యమును అవినీతిపాలు చేసి, 192లో హత్యకు గురియయ్యెను.

ఈ దోషములకు కారణమేమి? తన కోపము, తన భయము, తన గర్వము – వీనిపై మార్కస్ కన్ను ఎన్నడును మూతపడలేదు. కాని లోకవ్యవస్థ యెట్లున్నదో అట్లే యుండునని, అది గట్టున కావలి సంగతియని అతడు తలంచి యుండవచ్చునని మేము భావించెదము. సామాన్యునికి అది నిజముగా ఆవలి సంగతియే. చక్రవర్తికి కాదు. వాని సంతకమొకటి వేలమంది బ్రతుకును మార్చగలదు. మన గ్రామములలో గట్టుతగాదాలు తెలియనివారుండరు. ఏటేట గట్టు చెక్కి ప్రక్కవాని చేనిలోనికి జరుపువారిని చూచియున్నాము. నాయకులలో వేరొక దొంగతనము కలదు. వారు గట్టును తమ చేనిలోనికే జరుపుకొందురు. దున్నవలసిన నేలను ఆవల పడవేసి, అది నాది గాదందురు. 'నా వశములో లేదు' అను మాట బానిస నోట విముక్తిమంత్రము. అధికారి నోట అది తప్పించుకొను సాకు కావచ్చును.

ఈ భేదమును ఆధునికకాలమున జరిగిన యొక ఉదంతము స్పష్టపరచుచున్నది. జేమ్స్ స్టాక్‌డేల్ అమెరికా నౌకాదళమున విమానచోదకుడు. 1960వ దశాబ్ది తొలిదినములలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చదువుచుండగా, తత్త్వశాస్త్రాచార్యుడొకడు ఎపిక్టెటస్ బోధల చిన్నపుస్తకమును అతనికి బహూకరించెను. 1965 సెప్టెంబరు 9న ఉత్తర వియత్నాముపై అతని విమానము కూల్చబడెను. పట్టుబడి, కాలు విరిగి, ఎపిక్టెటస్ వలెనే అవిటియై, 1973 ఫిబ్రవరి వరకు, ఏడేండ్లకు పైగా, హనోయిలోని చెరసాలలలో ఉండెను. అందులో నాలుగేండ్లు ఏకాంతవాసము. రెండేండ్లు కాళ్లకు సంకెళ్లు. ఆ యుద్ధపు న్యాయాన్యాయములు వేరొక విచారము. వియత్నాము ప్రజలు పడిన కష్టము ఏ ఖైదీ కష్టమునకును తీసిపోదు. ఇచ్చట మనకు కావలసినది ఆ మనుష్యుడు చెరలో నాయకత్వము వహించిన తీరు.

ఖైదీలు గోడలపై తట్టి మాటాడుకొనిరి. అక్షరములను ఐదు వరుసలుగా, ఐదు నిలువులుగా అమర్చి, మొదట వరుససంఖ్యను, పిమ్మట నిలువుసంఖ్యను తట్టుట వారి సంకేతము. ఉన్నతాధికారిగా స్టాక్‌డేల్ ఈ సంకేతముతోనే తోటివారికి ఆజ్ఞలు పంపెను. బహిరంగముగా తలవంచకుడు, నేరము లొప్పుకొనకుడు, శత్రువుల ప్రచారమునకై మైక్రోఫోను ముందు మాటాడకుడు, తనకంటె తోటివారి ఐక్యము ముఖ్యమని యెంచుడు – ఇవి అందలి ముఖ్యాంశములు. మైక్రోఫోనునే నమ్ముకొని బ్రతుకు మావంటివారికి అందలి మూడవ యాజ్ఞ మరీ లోతుగా నాటును. పలుకుట ఎంత శక్తియో, పలుకకుండుట గూడ అంత శక్తియని అది చెప్పుచున్నది.

అయితే చిత్రహింసలో ఎంతటివాడైనను ఏదో యొక క్షణమున లొంగునని స్టాక్‌డేల్ స్వానుభవముచే ఎరిగినవాడు. కావున ఎవ్వడును లొంగరాదని అతడు ఆజ్ఞాపింపలేదు. లొంగినవాడు అవమానముతో మూల కూర్చుండక, మరునాడు మరల మొదటినుండి ప్రతిఘటింపవలెననియు, తోటివారు గోడపై తట్టి అతనిని తిరిగి తమలో కలుపుకొనవలెననియు కోరెను. తనవరకు మాత్రము లెక్క కఠినము. చలనచిత్రమున తన్ను చూపి ప్రచారము చేయదలచినపుడు, తన ముఖమును తానే పీటతో గాయపరచుకొనెను. తనయెడ కాఠిన్యము, అనుచరులయెడ దయ – నాయకుని చేతిలో స్టోయికవిద్య ధరింపవలసిన రూపమిది. ఈ పండుగకు విడుదలయగుదుము, వచ్చు పండుగకు విడుదలయగుదుమని గడువులు పెట్టుకొన్నవారు ఆశాభంగముచే క్రుంగిపోయిరనియు, తుదకు బయటపడుదుమను విశ్వాసమును, నేటి కఠోరసత్యమును జంటగా పట్టుకొన్నవారు నిలిచిరనియు అతడు పిమ్మట చెప్పెను.

ఈ విద్య చెరసాలలకే పరిమితము గాలేదు. 1950వ, 1960వ దశాబ్దులలో అమెరికాలో ఆల్బర్ట్ ఎల్లిస్ అను మనస్తత్త్వవేత్తయు, ఆరన్ బెక్ అను మనోవైద్యుడును దిగులు, భయము మొదలగు మనోబాధలకు క్రొత్త చికిత్సలు రూపొందించిరి. రోగి తనకు జరిగినదానిని గూర్చి చేసికొన్న తీర్పులను తానే పరిశీలించి సరిదిద్దుకొనుట వాని సారము. తమ చికిత్సకు మూలము స్టోయికుల బోధయందున్నదని వారే అంగీకరించిరి. జీనో వసారానుండి వెడలిన మాట ఇరువదిమూడు శతాబ్దులు నడచి వైద్యశాల చేరినది.

ఇక మన నిత్యజీవితమున దీని వినియోగ మెట్టిది? కచేరీలో పైయధికారియైనను, ఇంట పెద్దయైనను, సంఘమున నాయకుడైనను, ఒక నియమమును పాటింపవలెనని మాకు తోచుచున్నది. ఈ గట్టును ఎవరికి వారే వేసికొనవలెను. ఒకరికొరకు మరియొకరు వేయరాదు. జీతము చాలని ఉద్యోగికి 'సంతోషము నీ మనస్సులోనే యున్న'దని యజమాని చెప్పుట స్టోయికము గాదు, అన్యాయము. బిడ్డను కోల్పోయిన తల్లితో 'అది నీ వశములోనిది గా'దని పొరుగువారు చెప్పుట జ్ఞానము గాదు, నిర్దయ. మార్కస్ ఓదార్చెనేగాని, వైద్యులకు ఉపన్యాస మీయలేదు. తన గ్రంథమును తనకై వ్రాసికొనెనేగాని, సామ్రాజ్యమున చాటింపు వేయింపలేదు.

2020లో కరోనా మహమ్మారి లోకమును చుట్టుముట్టినపుడు ఈ పుస్తకములను ఎందరో మరల తెరచిరి. ఆనాడు వ్యాధి పుట్టుక మన వశములో లేదు. ముఖమునకు కప్పు ధరించుట, పొరుగింటి వృద్ధులకు మందు తెచ్చియిచ్చుట, వదంతి విని మరియొకరికి చేరవేయకుండుట మన వశములోనివే. ఆస్పత్రిలో పడకలు సమకూర్చుట సామాన్యునికి ఆవలి చేను. పాలకునికి ఈవలి చేను. పదవి పెరిగినకొలది గట్టు ఆవలికి జరుగును, దున్నవలసిన నేల పెరుగును. పదవి యనగా నిజమునకు ఇదియే. రాత్రి పండుకొనబోవునపుడు మార్కస్ వలె కాగితముపై మూడు పంక్తులు వ్రాసికొన్నను చాలును: నేడు నా చేతిలో నున్నదేమి, దానిలో చేసినదేమి, నాది కాదని తప్పించుకొన్నదేమి? మొదటి రెండు ప్రశ్నలు మనశ్శాంతి నిచ్చును. మూడవది మనిషిని నాయకునిగా చేయును.

రోమునగరమున కాపిటలిను కొండపై మార్కస్ అశ్వారూఢుడైన కంచువిగ్రహము కలదు. నేడు చౌకమున నున్నది ప్రతిరూపము. అసలుది ప్రక్కనున్న ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. మధ్యయుగమున ఇతర చక్రవర్తుల కంచువిగ్రహములు పెక్కు కరగిపోగా ఇది మిగిలినది. జనులు దానిని క్రైస్తవమతము నాదరించిన కాన్‌స్టాంటైన్ విగ్రహమని పొరబడుటయే అందులకు కారణమట. కీర్తి గట్టున కావలిదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? విగ్రహము పొరబాటున నిలిచినది. పేరు పరుల దయవలన దక్కినది. త్రాటిక్రింద పరుపు పరపించిన పని మాత్రము మార్కస్ తాను చేసినది, తనదే.